జరిగింది జరిగినట్టు

చిన్నపోలయ్య పడవ దొరికిందన్న కబురు చిన్నదిబ్బకు మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చింది. అది మొగలిపాలెం ఒడ్డున వేరే రంగుతో, వేరే పేరుతో, వేరేవాళ్ళ ఇంజనుతో ఉందన్న కబురు ఆయన చేయి కడుక్కునేలోగా వచ్చింది. సంతోషపడడానికి ఆయనకు దొరికిన వ్యవధి అంతే.

చిన్నదిబ్బ బోగోలు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. కార్తీకంలో వచ్చిన తుఫానుకు నీళ్ళు ఇసుకమేటలు దాటి మొదటి వరస ఇళ్ళ గడపల దాకా వచ్చాయి. నీళ్ళు తీశాక చూస్తే ఒడ్డున గుంజకు కట్టిన చిన్నపోలయ్య ఫైబరు పడవ లేదు. గుంజకు తాడుముక్క మాత్రం వేలాడుతోంది. దాని కొస పీచులు లేచి లేదు, కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. చిన్నపోలయ్య ఆ ముక్కను విప్పి తలపైకెత్తి, ఇది సముద్రం చేసిన పని కాదు, దొంగలు చేసిన పని అని ఊరంతా వినేలా చాటాడు. అప్పటి నుంచి శివరాత్రి దాటేదాకా ఆయన ఆ దొంగను తిట్టకుండా అన్నానికి కూర్చోలేదు.

ఇప్పుడు దొంగకు ఊరూ పేరూ దొరికాయి. మొగలిపాలెంలో మస్తానమ్మ అనే చేపలమ్మే ఆమె, ఆమె తమ్ముడు పెంచల్ ఆ పడవతో వేట చేసుకుంటున్నారట. చిన్నపోలయ్య రెండు ఆటోల నిండా జనంతో అక్కడికి పోయాడు. మాటలు పెరిగాయి, చొక్కాలు చిరిగాయి, రెండూళ్ళ పెద్దలూ మధ్యలో పడి విడదీశారు. పోలీసు స్టేషనుకు పోతే ఇరుపక్షాల మాటా విని, పడవ ఎవరిదో తేల్చుకోవాలంటే కోర్టుకు పొమ్మన్నారు.

కోర్టన్నా చిన్నపోలయ్యకు బెదురు లేదు. ఆయన అన్నకూతురు రోజారమణి ప్లీడరు. చిన్నదిబ్బలో నల్లకోటు వేసిన మొదటి మనిషి ఆమే. కావలిలో సుభాషిణి గారనే సీనియర్ దగ్గర జూనియరుగా చేరి ఏడాది దాటింది. చిన్నపోలయ్య మర్నాడే తాడుముక్కను చేతిసంచిలో పెట్టుకుని కావలి వెళ్ళి, సుభాషిణి గారి బల్లమీద దాన్ని పామును వదిలినట్టు వదిలాడు. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని, సంగతంతా విని, కేసు నోట్ రాసుకురమ్మని రోజాకు చెప్పింది.

ఆ ఆఫీసులో అదొక ఆచారం. ఏ దావా వేయాలన్నా, వేయకూడదన్నా ముందు ఒక నోట్ తయారుకావాలి. అందులో మొదటి భాగం జరిగిన సంగతులు. రెండోది చట్టం ఏమంటుంది. మూడోది మనం ఏం చేద్దాం. రోజా అంతకుముందు సీనియర్ రాసిన నోట్లు చదివిందే గానీ తానుగా మొత్తం రాయలేదు. పైగా ఇది సొంత చిన్నాయన కేసు. కాలేజీలో వక్తృత్వపు పోటీలన్నింటిలో కప్పులు తెచ్చుకున్న పిల్ల. రాత్రంతా కూర్చుని రాసింది. రాసినంతసేపూ ఒళ్ళు వేడెక్కింది.

పొద్దున సుభాషిణి గారు ఆ కాగితాలు నిలబడే చదివింది. కోవూరు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. మాట మెత్తగా ఉంటుంది, కలం మాత్రం మెత్తన కాదు. రెండో పేజీలో ఒక చోట ఆగి పైకే చదివింది.

"'ప్రతివాదులు తుఫానును అదనుగా తీసుకుని, ముందే పన్నిన కుట్ర ప్రకారం, అమాయకుడైన నా కక్షిదారుని నోటి కూడు లాక్కునే దురుద్దేశంతో పడవ తాడును నిర్దాక్షిణ్యంగా కోసి...' బాగుంది. తాడు కోసింది మొగలిపాలెం వాళ్ళని ఎవరు చూసినారు?"

"ఎవరూ చూళ్ళేదు మేడం. కానీ తాడు కోసుంది కదా."

"కోసుందని రాయి. ఎవరు కోసినారో తెలియదని రాయి. నిర్దాక్షిణ్యంగా కోసేదానికి అది మేకపిల్లా?"

రోజాకు నవ్వు రాలేదు. సుభాషిణి గారు కూర్చుని, ఆమెనూ కూర్చోమంది. సంగతుల భాగం ఎందుకు రాస్తారో నెమ్మదిగా చెప్పింది. అది చదివే జడ్జి పడవను దగ్గరగా చూసి ఉండకపోవచ్చు. తానే చూడలేదు, తనకు సముద్రమంటే కార్తీక పౌర్ణమి స్నానం మాత్రమే. అలాంటివాళ్ళకు మొదట ఏం జరిగింది, తరువాత ఏం జరిగింది అన్నది ఒక్కసారి చదివితే తెలిసిపోవాలి. కోపం తెచ్చుకోవాలో జాలిపడాలో వాళ్ళే చూసుకుంటారు, ఆ పని మనం చేసి పెట్టక్కరలేదు. అమాయకుడు, దుర్మార్గుడు అన్న మాటలు తీసేస్తే ఏం మిగులుతుందో అదే సంగతి.

"ఇంకొక్కటి. నువ్వు రాసింది ఎదుటిపక్షం వాళ్ళు చదివి, అవును ఇట్లే జరిగింది అని తల ఊపాల. అక్కడ తల ఊపినారంటే, చట్టం దగ్గర మనం ఎంతైనా కొట్లాడొచ్చు. మనకు చెరుపు చేసే సంగతి ఉంటే అది ముందు నాకు కావాల. కోర్టులో పైవాళ్ళ నోట వినే ఓపిక నాకు లేదు."

కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు వాటిలో కొట్టివేతలు పడని వాక్యం ఒకటే మిగిలింది. 'చిన్నపోలయ్యది చిన్నదిబ్బ గ్రామం.'

ఆ ఆదివారం రోజా ఊరికి బస్సెక్కింది. దారి పొడుగునా సీనియర్‌తో లోలోపల వాదిస్తూనే ఉంది. చిన్నాయన పడవ పోయాక పడిన కష్టం తాను చూసింది. పక్కవాళ్ళ పడవల్లో పాలుకు, పట్టిన చేపల్లో ఇంత వాటా అని, పోయేవాడు. తన వల వేరేవాళ్ళ పడవలో వేసుకుని, ఒడ్డున దిగేటప్పుడు ఎవరి మొహమూ చూసేవాడు కాడు. అదంతా కొట్టేస్తే ఇంకేం కేసు అనుకుంది. అయినా చెప్పిన పని చేయక తప్పదు కనుక, ఊళ్ళో దిగగానే కలం, కాగితం తీసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

అడిగింది ఒకటే. తుఫాను నాడు నీ కళ్ళతో నువ్వు చూసింది చెప్పు. అంత చిన్న ప్రశ్నకు జవాబివ్వడం ఎవరివల్లా కాలేదు. అందరికీ అన్నీ తెలుసు. ఒకాయన అలలు ఎంతెత్తున లేచాయో, దొంగలు ఎటువైపు నుంచి వచ్చారో, వాళ్ళలో ఒకడికి బట్టతల ఉన్న సంగతితో సహా చెప్పాడు. రాసుకుంటూ రాసుకుంటూ, మీరప్పుడు ఎక్కడున్నారు పెదనాయనా అని రోజా అడిగింది. గూడూరులో కూతురింట్లో ఉన్నానని ఆయన తడుముకోకుండా చెప్పాడు. రోజా ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది.

చిన్నపోలయ్య దగ్గర ఇంకో ముడి పడింది. లోపలి పచ్చరంగు చూసి గుర్తుపట్టామంటే చాలదు, పక్కన నంబరు ఉందా అని అడిగితే ఆయన సముద్రం వైపు చూశాడు. నిరుడు వేసవిలో కావలి నుంచి పెయింటర్ని పిలిపించి పడవకు రంగులు వేయించాడు. రంగుల దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. నంబరు రాయకుండానే పెయింటరు బ్రష్షులు సర్దుకుని వెళ్ళిపోయాడు. తరువాత రాయిద్దాంలే అనుకున్నాడు చిన్నపోలయ్య. ఆ తరువాత తుఫాను వచ్చింది.

"అది రాయొద్దులే పాపా," అన్నాడాయన.

రోజా రాసుకుంది. ఆయన చూడకుండా రాసుకుంది గానీ, రాసుకుంది.

శివ వాళ్ళిల్లు ఆ పక్కనే. తుఫాను నాడు కాలికి దెబ్బ తగిలి, ఇంకా కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. తన పడవను పైకి లాక్కుందామని ఒడ్డుకు పోయానని, చిన్నపోలయ్య పడవ నీళ్ళకు తేలి అటూ ఇటూ ఊగుతుంటే దాని తాడు తన కాలిమీద పడి గుంజకు బిగించేసిందని చెప్పాడు. అల మీద అల తలమీదుగా పోతోంది. ఉప్పునీళ్ళు మింగడం గుర్తుంది. ఉన్నట్టుండి కాలు వదులైంది. ఎవరో జుట్టు పట్టుకుని ఇసుక మీదికి ఈడ్చారు. ఎవరో తెలియదు. అప్పటికి కళ్ళు తెరిచే స్థితిలో లేడు.

"తాడు తెగిందా, ఎవరైనా కోసినారా?" అని రోజా అడిగింది.

"నాకేం తెలుస్తాదక్కా. నేను బతికినా, అంతే తెలుసు."

ఇన్ని నెలల్లో ఈ సంగతినీ ఆ సంగతినీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. శివ కాలు శివ ఇంట్లో కబురుగా, చిన్నపోలయ్య తాడు చిన్నపోలయ్య ఇంట్లో కబురుగా ఉండిపోయాయి. రోజా చేతిలో కాగితం మీద రెండూ ఒకదాని కింద ఒకటి వచ్చేసరికి ఆమె లేచి చిన్నాయన ఇంటి పెరట్లోకి వెళ్ళింది.

పిన్నమ్మ ముసలమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపలు కోస్తోంది. పేరే ముసలమ్మ గానీ నడివయసు దాటని మనిషి, ఎండకు ఆరిన తాటిపట్టెలా గట్టిగా ఉంటుంది. రోజాకు పీట చూపించి కూర్చోమంది.

"పిన్నమ్మా, తుఫాను పొద్దున నువ్వు యాడుండావు?"

"యాడుంటా? దరి మీదనే ఉండా. మీ చిన్నాయన వలలన్నీ ఇస్కూలు కాడికి మోస్తా ఉంటే, మూటల తాళ్ళు కోసిచ్చేదానికి నేను కత్తి పట్టుకుని నిలబడుండా."

"మన పడవ తాడు ఎవరు కోసినారో చూసినావా?"

ముసలమ్మ చేప తల తీసి పక్కన పెట్టింది.

"చూసేదేముంది? నేనే కోసినా."

ముసలమ్మ ఇంకో చేప తీసుకుంది. శివ తాడు కింద మునిగిపోతూ కనబడ్డాడని, ముడి విప్పే వ్యవధి లేదని, చేతిలో కత్తి ఉంది కనుక కోసేశానని చెప్పింది. పడవ పోతుందని తెలుసు. పిల్లోడా పడవా అని ఆలోచించేంత పొద్దు కూడా అప్పుడు లేదు. వాణ్ణి ఇసుక మీద పడేసి, వాళ్ళమ్మను కేకేసి, ఆమె వచ్చేలోగా మళ్ళీ వలల దగ్గరికి పోయింది.

"మరి చిన్నాయనకు ఎందుకు చెప్పలేదు?"

"చెబ్దామనే వచ్చినా. వచ్చేలోగా ఆ మనిషి తాడుముక్క పట్టుకుని దొంగ దొంగ అని ఊరందరి ముందరా అరిచేసినాడు. పదిమందిలో ఆయన మాట నేనెట్లా తీసేసేది? సల్లారినాక చెబ్దాం అనుకున్నా. ఆయన సల్లారందే? రోజూ అరస్తానే ఉండె. పోనీ ఇంకొకరైనా, నువ్వేం చూసినావు ముసలమ్మా అని నన్ను అడిగింటే చెప్పిందును. ఎవురూ అడగలే."

ఎవరు కోసినారో తెలియదని రాయమని సీనియరే చెప్పింది. ఆ ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే తప్పు పట్టేవాళ్ళు లేరు. మొగలిపాలెం వాళ్ళ మీద అనుమానం అనుమానంగానే మిగులుతుంది, చిన్నాయన పరువూ నిలుస్తుంది. కానీ ఇప్పుడు తనకు తెలుసు. తెలిసీ తెలియదని రాయడానికి కలం ముందుకు సాగలేదు. ఆ మాటే పిన్నమ్మతో అంది.

"రాసుకో," అంది ముసలమ్మ. "ఆయనకు నేను చెప్పుకుంటా."

చెప్పింది కూడా. సాయంత్రం చిన్నపోలయ్య అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. విని, లేచి శివ వాళ్ళింటికి పోయాడు. ఆ కుర్రాడి కాలు తిప్పి తిప్పి చూశాడు. తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నాడు. రోజా, ముసలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పూట దొంగను తిట్టకుండానే మొదటి ముద్ద లోపలికి పోయింది.

"ఒక్క దెబ్బకే తెగిందా?" అని అడిగాడు కొంతసేపటికి.

"రెండు పడినాయి," అంది ముసలమ్మ.

"మంచి తాడు అది." ఇంకో ముద్ద కలిపాడు. "ఇన్నాళ్ళూ నన్ను అరవనిచ్చినావే."

"నువ్వు ఆగినావా, నేను చెప్పేదానికి?"

ఆయన నవ్వుదామా వద్దా అన్నట్టు పళ్ళెంలోకి చూశాడు. తరువాత పులుసు వేయమన్నాడు.

సోమవారం ఈ సంగతి విన్న సుభాషిణి గారు చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేసింది. నీ చిన్నమ్మ సాక్ష్యం చెబుతుందా అని అడిగింది. చెబుతుందని రోజా అంది. అయితే సగం నోట్ అయినట్టేనని, మిగతా సగం మొగలిపాలెంలో ఉందని సీనియర్ చెప్పింది. మస్తానమ్మ ఇంకా ప్లీడర్ని పెట్టుకోలేదు. వెళ్ళి మాట్లాడవచ్చు గానీ, తాను ఎవరి తరఫు మనిషో మొదటే చెప్పాలి, ఇష్టం లేకపోతే జవాబు చెప్పక్కరలేదనీ చెప్పాలి. అలా చెప్పాక ఎవరైనా మాట్లాడతారా అని రోజా సందేహపడింది. మాట్లాడకపోతే మాట్లాడలేదని రాయి అంది సుభాషిణి గారు.

మొగలిపాలెంలో మస్తానమ్మ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. మనిషి పొడుగరి, చెవులకు పాతకాలపు కమ్మలు. రోజా తానెవరో చెప్పగానే చాపమీద ఆరబెట్టిన చేపల్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఆమెను ఎండలోనే నిలబెట్టేసింది. తమ ఊరి మీదికి వచ్చి చొక్కాలు చింపింది మీ వాళ్ళే కదా అంది. అవునని రోజా ఒప్పుకుంది. మీ వాళ్ళవి కూడా చిరిగినాయి గదా అని మస్తానమ్మే మళ్ళీ అని, నీడలోకి రమ్మంది.

తుఫాను తమనూ వదల్లేదని చెప్పింది. వాళ్ళ పడవ రాళ్ళకు కొట్టుకుని పలకలు పలకలైపోయింది. ముందు రోజే ఇంటికి తెచ్చుకున్న ఇంజను ఒక్కటే మిగిలింది. గాలి తగ్గిన మర్నాడు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పడవ బోర్లా పడి కనిపించింది. అడుగున పెద్ద చీలిక. నంబరు లేదు, పేరు లేదు. పెంచల్, ఇంకొందరు దాన్ని మెరక మీదికి లాగారు. ఊరి పెద్దలకు చెప్పారు. ఫోటో తీసి చుట్టుపక్కల ఊళ్ళ ఫోన్లకు పంపించారు. ఎవరూ రాలేదు. పడవ ఎండకు బీటలు వేయడం మొదలుపెట్టింది. పుష్యమాసం దాకా చూసి, ఇంక ఎవరూ రారని చీలిక పూడ్పించారు, తమ ఇంజను బిగించారు, నీలం రంగు వేసి కూతురు కామాక్షి పేరు పెట్టారు.

ఆ ఫోటో చిన్నదిబ్బకు ఎందుకు చేరలేదన్నది అక్కడే తేలింది. పెంచల్ ఫోన్లో వెతికి చూపించాడు. పంపింది నిజమే. అది వెళ్ళిన వాట్సాప్ గుంపులో చిన్నదిబ్బ వాళ్ళు ఒక్కరూ లేరు.

రోజా తిరిగొచ్చి మళ్ళీ రాసింది. ఈసారి ఒళ్ళు వేడెక్కలేదు. ఒక్కో వాక్యం రాసి, ఇది ఎవరు చెప్పారు, వాళ్ళు చూశారా అని చూసుకుని, తరువాతిది రాసింది. రాసింది చింపి మళ్ళీ రాసింది. చివరికి పేజీన్నర అయింది. సుభాషిణి గారు ఈసారి కూర్చుని చదివింది. ఒక చోట పొడవైన వాక్యాన్ని రెండు చేయమంది. తరువాత, దావా సంగతి ఆనక చూద్దాం, ముందు రెండు పక్షాల వాళ్ళనూ పిలిచి ఇది చదివి వినిపించమంది.

అలా ఒక శనివారం సుభాషిణి గారి ఆఫీసులో బల్లకు అటువైపు చిన్నపోలయ్య, ముసలమ్మ, ఇటువైపు మస్తానమ్మ, పెంచల్ కూర్చున్నారు. మగవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఫ్యాను వైపు చూస్తున్నారు. మస్తానమ్మకు కావాలంటే తన ప్లీడర్ని తెచ్చుకోవచ్చని సుభాషిణి గారు చెప్పింది. ముందు విందాం అంది మస్తానమ్మ. రోజా నిలబడి చదివింది.

"'చిన్నపోలయ్యది చిన్నదిబ్బ గ్రామం. ఆయనకు ఒక ఫైబరు పడవ ఉంది. తుఫానుకు ముందు వేసవిలో ఆయన దానికి కొత్త రంగు వేయించారు. పాత నంబరు ఆ రంగు కింద పోయింది. మళ్ళీ నంబరు రాయించలేదు. తుఫాను నాటి ఉదయం పడవ ఒడ్డున గుంజకు కట్టి ఉంది. నీళ్ళు పెరిగి పడవ తేలింది. పొరుగింటి శివ కాలు, తాడుకూ గుంజకూ మధ్య చిక్కుకుంది. అతను నీళ్ళలో మునుగుతున్నాడు. చిన్నపోలయ్య భార్య ముసలమ్మ కత్తితో తాడు కోశారు. శివ బతికాడు. పడవ కొట్టుకుపోయింది. తాడు ఎవరు కోశారో చిన్నపోలయ్యకు అప్పుడు తెలియదు. దొంగలు కోశారని ఆయన అనుకున్నారు.'"

మస్తానమ్మ తల తిప్పి ముసలమ్మను చూసింది. ముసలమ్మ కొంగు సర్దుకుంది. రోజా చదువుతూ పోయింది. మొగలిపాలెంలో విరిగిన పడవ, మొగ దగ్గర దొరికిన పడవ, పెద్దలకు చెప్పడం, ఫోటో, అది ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు, చీలిక పూడ్చడం, ఇంజను, రంగు, పేరు. చిన్నపోలయ్య పోయి గొడవ పడడం, రెండువైపులా చొక్కాలు చిరగడం కూడా ఉన్నాయి. దొంగ అన్న మాట చిన్నపోలయ్య అనుకున్నచోట తప్ప ఇంకెక్కడా లేదు.

చదవడం అయ్యాక, తప్పు ఏమైనా ఉంటే చెప్పమని సుభాషిణి గారు రెండువైపులా అడిగింది. చిన్నపోలయ్య లేదన్నట్టు చేయి ఊపాడు. పెంచల్ తల ఊపాడు.

మస్తానమ్మ ఊపలేదు.

"ఒకటి లేదమ్మా అందులో," అంది. "రంగులేసినాక, సంక్రాంతి ముందర, ఐసు బండి గంగులయ్య మా దరికి వచ్చినాడు. చిన్నదిబ్బలో ఒకాయన పడవ పోయిందంట, లోపల పచ్చరంగంట అన్నాడు. మేము పైన నీలం వేసినాం. లోపల పచ్చ అట్లే ఉండె. నాకు తెలిసిపోయింది. తెలిసీ నోరు మూసుకున్నా. పెంచల్‌కి కూడా చెప్పలే."

పెంచల్ అక్క వైపు తెల్లబోయి చూశాడు. ఎవరూ అడగని మాట ఎందుకు చెప్పిందో అతనికి అర్థం కాలేదు. రోజాకూ వెంటనే అర్థం కాలేదు. ఇది రాయమంటారా అని ఆమె మెల్లగా అడిగింది.

"మీ తాడు సంగతి మీరు దాచుకోలేదు గదా. ఇది నాది. రాసుకో."

రోజా అక్కడే కూర్చుని ఆ నాలుగు వాక్యాలూ సరైన చోట చేర్చింది. తాను రాసిన పేజీన్నర కాగితంలో ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ పొగడలేదు. ఆ కాగితం విని ఒక మనిషి తనకు చెరుపు చేసే మాట తానే తెచ్చి ఇచ్చింది. వక్తృత్వపు పోటీల్లో ఎన్ని కప్పులు గెలిచినా ఇలాంటిది ఆమె ఎరగదు.

సుభాషిణి గారు చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో చెప్పింది. దొరికినంత మాత్రాన పడవ మస్తానమ్మది కాదు, అది చిన్నపోలయ్యదే. అలాగని మస్తానమ్మ దొంగా కాదు. చీలిక పూడ్చి పడవను కాపాడినందుకు ఆమెకు రావలసింది ఆమెకు వస్తుంది. ఇంజను ఆమెది. ఇవి కోర్టులో తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు, ఇక్కడే తేలితే ఈ పూటే పడుతుంది. ఆలోచించుకోమని చెప్పి, ఆమె తన కళ్ళద్దాలు తుడుచుకోవడంలో పడింది.

ఆలోచన చిన్నపోలయ్యతో మొదలైంది. చీలిక ఎక్కడ పడిందని పెంచల్‌ను అడిగాడు. అడుగున, ముందువైపు అని పెంచల్ బల్లమీద వేలితో గీసి చూపించాడు. దేంతో పూడ్చారు, ఎన్ని పొరలు వేశారు, ఇప్పుడు నీళ్ళు ఊరుతున్నాయా అని ఒక్కొక్కటే అడుగుతూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పెంచల్ ఇంజను గురించి చెప్పాడు. చిన్నపోలయ్య, తుఫానుకు ముందే ఇంట్లో పెట్టిన తన ఇంజను ముసలిదైపోయిందని, ఎక్కువ దూరం పోతే దగ్గుతుందని ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ వాళ్ళ మాటలు వింటూ కూర్చున్నారు.

"పడవ నాది, ఇంజను మీది," అన్నాడు చివరికి చిన్నపోలయ్య, మస్తానమ్మ వైపు తిరిగి. "విడదీస్తే రెండూ దరి మీదనే ఉంటాయి. పెంచల్ మాతో వేటకు వస్తే ఇంజను పాలు నీకు, పనిపాలు పిల్లోడికి. మీకు మళ్ళీ పడవ వచ్చిందాకా. ఏమంటావు మే?"

మస్తానమ్మ, చేపలు ఏ దరిలో దించుతారని అడిగింది. ఒక రోజు అక్కడ, ఒక రోజు ఇక్కడ అని ముసలమ్మ చెప్పింది. అదైతే సరే అంది మస్తానమ్మ. రాజీ కాగితం రోజానే రాసింది. నలుగురూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. అందరూ కలిసి కిందికి దిగి, బస్టాండు దగ్గర టీ తాగి, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కారు.

ఆ తరువాతి వారమే రోజా ఇంకో కాగితం మొదలుపెట్టింది. తుఫానుకు విరిగిపోయిన మస్తానమ్మ పడవ గురించి మత్స్యశాఖకు అర్జీ. దొరికిన పడవ చేతిలో ఉండడంతో ఆమె అప్పట్లో అడగనే లేదు. ఆలస్యం ఎందుకైందో కూడా ఉన్నదున్నట్టు రాసింది. అర్జీ తీసుకున్నామని రసీదు వచ్చింది, అధికారి వచ్చి రాళ్ళ మధ్య పడున్న పలకలు చూసిపోయాడు. పడవ ఇంకా రాలేదు. వస్తుందని మస్తానమ్మ అంటుంది.

వేసవి వేట నిషేధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు పడవ చిన్నదిబ్బకు వచ్చింది. దాన్ని నీళ్ళ మీదనే నడిపించుకొచ్చాడు పెంచల్. ఒడ్డున జనం గుమిగూడారు. చిన్నపోలయ్య మోకాళ్ళ లోతుకు వెళ్ళి అంచు పట్టుకున్నాడు. అడుగు తడిమి, పూడ్చినచోట వేళ్ళతో కొట్టి చూశాడు. గట్టిగానే చేశారని గొణిగాడు. దిగబోతున్న పెంచల్‌ను దిగవద్దని, ఎండ ఇంకా ఎక్కలేదు, ఒక తిప్పు తిరిగి వద్దామని తానే పైకెక్కాడు. శివ వల అందించి, కుంటుతూనే తానూ ఎక్కేశాడు.

ఇంజను మొదటి గుంజుకే అందుకుంది. ఒడ్డున ముసలమ్మ, మస్తానమ్మ తట్టల మీద కూర్చుని కావలి మార్కెట్లో ఏ చేపకు గిరాకీ ఉందో మాట్లాడుకుంటున్నారు. పడవ అలల వరస దాటి చదునైన నీళ్ళలో పడేదాకా రోజా అక్కడే నిలబడింది. తరువాత చెప్పులు చేత్తో పట్టుకుని, కావలి బస్సు తప్పిపోకుండా ఇసుకలో గబగబా నడిచింది.